ఏటి వెంట వస్తేనే కళింగపట్నం అర్థమవుతుంది

శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఏరు సముద్రంలో కలిసే చోట ఉన్న కళింగపట్నం చూడ్డానికి వచ్చేవాళ్లలో చాలామంది నేరుగా బీచ్ దగ్గర కారు ఆపుతారు. లైట్‌హౌస్ ముందు ఫొటో దిగుతారు, అలల్లో కాళ్లు తడుపుకుంటారు, గంటలో తిరిగి వెళ్లిపోతారు. ఆ గంటలో వాళ్లకి ఇసుక, నీళ్లు కనిపిస్తాయి. రేవు మాత్రం కనపడదు. రేవు అంటే మనకి గుర్తొచ్చేవి విశాఖలో ఉన్నట్టు గట్లు, క్రేన్లు, కంటైనర్లు. ఇది అలాంటి రేవు కాదు. ఇక్కడ ఓడ ఒడ్డుకి రాదు, దూరంగా సముద్రంలోనే లంగరు వేసి ఆగేది. ఒడ్డుకీ ఓడకీ మధ్య పని అంతా పడవలదే. ఆ పని ఆగిపోయాక మిగిలేవి తక్కువ. అందుకే ఈ ఊరిని ఎక్కడ మొదలుపెట్టి ఎటు చూడాలో ఎవరైనా చెప్పాలి.

నేను గార మండలంలో హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. పిల్లల్ని ఈ ఊరికి తీసుకొచ్చినప్పుడల్లా ఒకే క్రమం పాటించాను. ముందు కొండ మీద నుంచి ఏరు, తర్వాత అది సముద్రంలో కలిసే మొగ, ఆ తర్వాత రేవు, చివర ఊళ్లో మనుషులు. ఈ క్రమం తిరగేస్తే ఏదీ అతకదు. ఏరు లేకపోతే ఇక్కడ రేవే లేదు. రేవు ఎందుకు పోయిందో చెప్పేది కూడా సగం ఏరే.

ఎప్పుడు రావాలి

నవంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. ఎండ తగ్గి ఉంటుంది, కొండ మీద నుంచి దూరం స్పష్టంగా కనిపిస్తుంది. సెప్టెంబరు ఆఖరు నుంచి నవంబరు వరకు వాతావరణ వార్తలు చూడకుండా బయల్దేరకండి. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న మన పలాస దగ్గర. గులాబ్ 2021 సెప్టెంబరు 26 రాత్రి కళింగపట్నానికి ఉత్తరంగా ఓ 20 కిలోమీటర్ల దూరంలోనే దాటింది. ఆ తేదీలు మా జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. దసరా సెలవులు కదా అని ప్లాన్ వేసుకునే పొరుగూరివాళ్ల కోసం రాస్తున్నాను.

మనుషులతో మాట్లాడటమే మీ పనైతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 మధ్య రండి. తూర్పు తీరమంతా ఆ 61 రోజులు మరపడవలతో చేపల వేట నిషేధం. ఎండ మాడ్చేస్తుంది, నిజమే. కానీ పెద్దవాళ్లు వలలు బాగుచేసుకుంటూ నీడపట్టున దొరుకుతారు, తీరిగ్గా మాట్లాడతారు. మిగతా రోజుల్లో పడవ ఒడ్డుకి చేరే వేళకి వెళ్లి చరిత్ర అడిగితే మర్యాద కాదు. అది వాళ్లకి చేప, ఐసు, ధర తప్ప ఇంకేమీ పట్టని సమయం.

రైల్లో వచ్చేవాళ్లు శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగాలి. స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కడి నుంచి శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ చేరుకుంటే గార మీదుగా కళింగపట్నం సుమారు 30 కిలోమీటర్లు. బస్సులో రావచ్చు. కానీ నేను చెప్పే దారిలో బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండ ముందొస్తుంది కాబట్టి, నలుగురు కలిసి ఆటో మాట్లాడుకుంటే రోజంతా మీ చేతిలో ఉంటుంది. నీళ్లు, టోపీ, ఒక నోట్‌బుక్, పెన్సిలు పెట్టుకోండి. ఫోన్లో దిక్సూచి పనిచేస్తుందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి, ఇక్కడ దానితో చాలా పనుంది.

ముందు కొండ ఎక్కండి

శాలిహుండం వంశధారకి దక్షిణపు గట్టున ఉంది. పొద్దున్నే ఎక్కేయండి. పైకి చేరాక వెంటనే స్తూపాల వైపు పోకుండా ఉత్తరం వైపు తిరిగి నిలబడండి. కింద కనిపించే వెడల్పాటి ఇసుక, మధ్యలో నీటి పాయలు, అదే వంశధార. ఒడిశా కొండల్లో పుట్టి సుమారు 254 కిలోమీటర్లు వచ్చిన ఏరు. మన జిల్లాలో హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ దాటి, ముఖలింగం పక్క నుంచి ఇక్కడికి వచ్చింది. ఇప్పుడు తూర్పు వైపు తిరగండి. ఆకాశం శుభ్రంగా ఉంటే సముద్రపు గీత తెలుస్తుంది. మళ్లీ ఏటికి ఎదురుగా తిరిగి, ఎడమ చేయి ఏటి ఎగువకి, కుడి చేయి సముద్రానికి చాపమని పిల్లలకి చెప్పేదాన్ని. ఆ రెండు చేతుల మధ్యే ఈ ప్రాంతపు రెండు వేల ఏళ్ల చరిత్ర ఉంది. ఎగువన పంట, రాజధాని. దిగువన రేవు. మధ్యలో కొండ మీద సన్యాసులు.

ఇప్పుడు స్తూపాలు చూడండి. క్రీస్తు పూర్వం నాటి నుంచి ఇక్కడ బౌద్ధులు ఉన్నారు. ఇటుకలతో కట్టిన స్తూపాలు, గుండ్రటి చైత్యగృహం, అంటే పూజా మందిరం, దాని పునాదులు మిగిలాయి. అక్కడి మ్యూజియంలో రాతి విగ్రహాలున్నాయి, తార, మారీచి వంటి దేవతలవి. వీటిని తప్పకుండా చూడమంటాను. స్తూపాన్ని మాత్రమే పూజించిన కాలం వేరు, ఇలాంటి దేవతల్ని పూజించే వజ్రయానం అనే బౌద్ధ శాఖ వచ్చిన కాలం వేరు. మధ్యలో కొన్ని వందల ఏళ్లున్నాయి. అంటే ఒక తరం వచ్చి కట్టి వదిలేసిన చోటు కాదిది. ఇన్ని శతాబ్దాలు వందలమంది భిక్షువులకి తిండి పెట్టాలంటే పక్కన పంటలూ, వర్తకులూ ఉండాలి. విజయనగరం జిల్లా రామతీర్థం, భీమిలి దగ్గర పావురాళ్లకొండ, బావికొండ, తొట్లకొండ కూడా ఇలాగే సముద్రానికి దూరం పోకుండా, కొండల మీద ఉన్నాయి. మ్యాపులో వీటికి చుక్కలు పెట్టి కలిపితే మన పాత తీరపు వర్తకం దారి మీకే కనిపిస్తుంది. పిల్లలకి నేనిచ్చిన హోంవర్కుల్లో నాకు బాగా ఇష్టమైనది ఇది.

ఈ చోటుని 1919లో లోకానికి చెప్పింది గిడుగు వెంకట రామమూర్తి. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగే. ఆయన పుట్టింది ఇదే వంశధార ఒడ్డున, ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863లో. పర్లాకిమిడిలో బడిపంతులు. ముఖలింగం గుళ్లోని శాసనాల లిపులు తనంతట తాను కూడబలుక్కుని నేర్చుకున్నాడు, సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకి చదువు చెప్పించాడు. ఒక బడిపంతులు తన ఊరి చుట్టూ కళ్లు తెరుచుకుని తిరిగితే ఎంత దొరుకుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ నాకు తెలీదు. కొండ మీద ఒక నిమిషం ఆయన్ని తలుచుకోమని నా పిల్లలందరికీ చెప్పాను, మీకూ చెప్తున్నాను.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొండ దిగేలోపు ఎవరో ఒకరు బుద్ధుడి దంతం మన దంతపురం నుంచే సింహళం వెళ్లిందని చెప్తారు. బౌద్ధ గ్రంథాలు చెప్పే కథ నిజంగానే కళింగ రాజధాని దంతపురం గురించి. నాలుగో శతాబ్దంలో హేమమాల అనే రాజకుమారి, ఆమె భర్త దంతకుమారుడు దంతాన్ని దాచుకుని ఓడెక్కారని అందులో ఉంది. సరుబుజ్జిలి దగ్గర మన దంతపురం కోట దిబ్బలూ ఉన్నాయి. కానీ ఒడిశావాళ్లు ఆ ఊరు తమదంటారు, పండితులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు. మీ నోట్‌బుక్కులో "ఇలా అంటారు" అని ఒక పక్క, "ఇది కళ్లతో చూశాను" అని ఇంకో పక్క రాసుకోండి. ఊరి చరిత్ర రాసేవాళ్లకి నేను ఇచ్చే సలహాల్లో ముందు నిలబెట్టేది ఈ రెండు గళ్ల సంగతే. మన ఊరి మీద ప్రేమ ఉంటే దాని గురించి నిలబడే మాటే రాయాలి.

మొగ దగ్గర ఇసుకని చూడటం

ఏరు సముద్రంలో కలిసే చోటుని మావైపు మొగ అంటారు. అక్కడికి ఉదయం తొమ్మిదిలోపు చేరితే బాగుంటుంది, తర్వాత ఇసుక కాలుతుంది. దారిలో సరుగుడు తోటలు, తాటిచెట్లు, మొగలి పొదలు వస్తాయి. వాటిని ఊరికే దాటిపోకండి. సరుగుడు మనుషులు నాటింది, గాలినీ ఇసుకనీ ఆపడానికి, కలపకి. ఇసుక మీద పాకే ఊదారంగు పూల తీగ మాత్రం తనంతట తాను మొలిచింది. అది ఎక్కడిదాకా పాకి ఉందో చూడండి. మామూలు రోజుల్లో పోటు నీరు అంతకు మించి పైకి రాదన్నమాట.

ఇప్పుడు దిక్సూచి తీయండి. బంగాళాఖాతం మనకి తూర్పు అని చదువుకున్నాం. కానీ ఇక్కడ సముద్రానికి ఎదురుగా నిలబడితే మీ ముఖం ఆగ్నేయం వైపు ఉంటుంది. శ్రీకాకుళం తీరం నిటారుగా లేదు, నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతా భూగోళం తేలికవుతుంది. నైరుతి రుతుపవనం వీచేటప్పుడు గాలి దాదాపు తీరం వెంబడే పోతుంది. దక్షిణం నుంచి వచ్చే అలలు ఒడ్డుకి ఏటవాలుగా తగిలి, ప్రతి అలా కాస్త కాస్త ఇసుకని ఈశాన్యం వైపు జరుపుతుంది. నవంబరు, డిసెంబరుల్లో గాలి తిరగబడి ఇసుక వెనక్కి వస్తుంది, కానీ అది కొన్ని నెలలే. ఏడాది మొత్తం లెక్క చూస్తే ఇసుక ఉత్తరానికే ఎక్కువ పోతుంది. మన తూర్పు తీరం పొడవునా ఇంతే.

ఇది కళ్లారా చూడాలంటే ఒక కర్రముక్కని అలల అంచున పడేయండి. వెనక్కి నిలబడి ఓ పావుగంట చూడండి, అది ఎటు జరిగిందో అడుగులతో కొలవండి. ఆ దిక్కు, నెల, తేదీ రాసుకోండి. జులైలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి చేస్తే పుస్తకం చెప్పినదాన్ని మీ చేతులతో తేల్చుకున్నట్టే.

ఇక మొగని చూడండి. ఏరు ఇసుక మోసుకొస్తుంది, సముద్రం దాన్ని పక్కకి నెడుతుంది. రెండూ కలిసి మొగకి అడ్డంగా చూపుడు వేలులా ఒక ఇసుక తిన్నె కడతాయి. వానాకాలంలో వరద బలంగా వస్తే తిన్నెని కోసేసి కొత్త దారి చేసుకుంటుంది. వేసవిలో ఏరు నీరసపడితే మొగ సన్నబడిపోతుంది. అందువల్ల ఇవాళ మీరు చూసిన మొగ వచ్చే ఏడాది అదే చోట ఉంటుందని అనుకోకండి. వలలు కుడుతున్న ఒక పెద్దాయన్ని నేను, "తాతా, నీ చిన్నప్పుడు ఏరు ఎక్కడ కలిసేది?" అని అడిగితే, "ఏరేటి ఒక్క సోట ఉంటాదా టీచరమ్మా, ఒరదొచ్చినప్పుడల్లా తన దారి తనదే" అన్నాడు. ఆ మాట మీద ఒక పీరియడ్ పాఠం చెప్పాను.

ఇంటికెళ్లాక గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఫొటోలు తెరిచి ఈ మొగని ఒక్కో ఏడాదికి ఒక్కోటిగా కాగితం మీద గీయండి. వెతకడానికి 18 డిగ్రీల 20 నిమిషాల ఉత్తర అక్షాంశం, 84 డిగ్రీల 7 నిమిషాల తూర్పు రేఖాంశం దగ్గర మొదలుపెడితే చాలు. తిన్నె పెరగడం, తెగడం, మళ్లీ పెరగడం మీ కాగితం మీదే కనిపిస్తుంది.

మొగ దగ్గర స్నానానికి దిగవద్దు. ఇది గట్టిగా చెప్తున్నాను. పైకి నీరు నెమ్మదిగా ఉన్నట్టుంటుంది. కింద ఏటి నీరు బయటికి లాగుతుంది, అలలు లోపలికి తోస్తాయి, కాళ్ల కింద ఇసుక జారిపోతుంది. తిన్నె అంచు కూడా నిలబడే చోటు కాదు, అది కింద నుంచి కోసుకుపోయి ఉన్నపళంగా విరుగుతుంది. పిల్లలు మీ చెయ్యి పట్టుకునే ఉండాలి. ఈతొచ్చినవాళ్లూ పోయిన చోటు ఇది.

రేవు ఎలా పనిచేసిందో ఊహించుకోవడం

లైట్‌హౌస్ దగ్గరికి ఇప్పుడు రండి. ఎక్కనిస్తారో లేదో, ఏ వేళకో అక్కడి సిబ్బందిని అడగండి. ఎక్కలేకపోయినా నష్టం లేదు, దాని నీడలో నిలబడి సముద్రం వైపు చూస్తూ ఈ భాగం చదువుకోండి.

బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్టీమర్లు ఈ తీరం వెంట తిరిగేవి. గోపాల్‌పూర్, బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ ఇలా ఒక్కో రేవు దగ్గర ఆగుతూ పోయేవి. స్టీమర్ లోతున్న చోట లంగరు వేసి నిలబడేది. ఒడ్డున ధాన్యం, నూనెగింజల బస్తాలు సిద్ధంగా ఉండేవి. వాటిని మసూలా పడవల్లో ఎక్కించి అలలు దాటించి ఓడకి చేర్చేవారు. ఈ పడవల పనితనం తెలుసుకోవాల్సిందే. పలకలని ఇనుప మేకులతో కొట్టకుండా కొబ్బరి తాడుతో కుట్టేవారు. లోపల గట్టి పక్కటెముకలు ఉండేవి కావు. ఒడ్డున విరిగే అల బలంగా కొడితే మేకుల పడవ పగిలిపోతుంది, కుట్టిన పడవ కాస్త వంగి ఆ దెబ్బని తట్టుకుంటుంది. యూరప్ నుంచి వచ్చిన నావికులు తమ పడవలని మన అలల్లో దించడానికి భయపడి వీటినే నమ్ముకున్నారు. రేవు అంటే కట్టడం కాదు ఇక్కడ, అల ఎప్పుడు దాటాలో తెలిసిన మనుషుల నేర్పు. ఆ మనుషులు వాడబలిజలు, జాలర్లు, పల్లీలు అనే మత్స్యకార కులాలవాళ్లు. ఊరి చరిత్ర రాసేటప్పుడు కలెక్టర్ల పేర్లు, జమీందార్ల పేర్లు వస్తాయి, వీళ్లు రారు. మీరు రాసేదాంట్లో రావాలి.

ఓడలు ఇక్కడే ఎందుకు ఆగాయి? మీరు కొండ మీద నుంచి చూసినదే జవాబు. వెనకాల వంశధార లోయంతా వరి. ఎండుకాలంలో నదీ గర్భం వెంట, గట్ల వెంట బళ్లు దిగువకి రావడానికి వీలు. ఎగువన కళింగని ఏలిన గాంగ రాజుల రాజధాని కళింగనగరం, అంటే నేటి ముఖలింగం. అనంతవర్మ చోడగంగుడు 1078లో రాజయ్యాడు, ఆ వంశం తర్వాత రాజధానిని కటకానికి మార్చుకుంది. రాజులు మారారు, గోల్కొండ నవాబుల ఫౌజుదారులు, అంటే వాళ్ల తరఫు పాలకులు, శ్రీకాకుళం వచ్చారు, 1760ల్లో ఈ సర్కారు జిల్లాలు ఇంగ్లీషువాళ్లకి పోయాయి. లోయలో పంట అలాగే పండింది, దానికి సముద్రం దారీ అలాగే ఉండింది. ఊళ్లోని దర్గా దగ్గరికి కూడా వెళ్లి రండి. చెప్పులు విప్పి, తల మీద గుడ్డ వేసుకుని వెళ్తే ఎవరూ కాదనరు. మత్స్యకారుల ఇళ్ల నుంచి కూడా మొక్కులు వెళ్లే చోటు.

ఓడలు ఎందుకు పోయాయన్నదానికి ఇసుక మేట ఒక్కటే కారణమని చెప్పేస్తుంటారు. అది సరిపోదు. 1890ల్లో బెజవాడ నుంచి కటకం వైపు రైలు మార్గం వచ్చింది. ఆమదాలవలసలో బస్తా రైలెక్కుతుంటే మొగ దాకా ఎద్దుబండి తోలేదెవరు? 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు కూడా వేశారు, దాంతో ఎగువ సరుకు అటు మళ్లింది. 1933లో విశాఖలో గట్టు పక్కనే ఓడ ఆగే హార్బరు తెరిచారు. ఆ పైన బర్మా. 1937లో బర్మాని భారతదేశం నుంచి విడదీశారు, 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. ఈ తీరం నుంచి కూలికీ, మిల్లు పనికీ రంగూన్ వెళ్లే మనుషుల రాకపోకలు అక్కడితో తెగిపోయాయి. ఇన్ని దెబ్బలు వరసగా తగిలాక నెపం ఇసుక మేట ఒక్కదాని మీదే వేస్తామా? రాష్ట్ర మైనర్ పోర్టుల జాబితాలో కళింగపట్నం పేరు ఇప్పటికీ ఉంది. ఓడ లేదు.

ఒక పని మాత్రం ఆగలేదు. ఇక్కడ వాతావరణ కేంద్రం ఉంది, అందుకే తుఫాను బులెటిన్లలో దేశమంతా ఈ ఊరి పేరు వింటుంది. "కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో మూడో నంబరు హెచ్చరిక" అని చదువుతారు కదా, ఆ నంబర్ల అర్థం తెలుసుకుని వెళ్లండి. ఒకటి, రెండు అంటే తుఫాను గాలి దూరంగా సముద్రంలో ఉంది. మూడు, నాలుగు అంటే రేవుకే దాని తాకిడి ఉండొచ్చు. ఐదు నుంచి ఏడు దాకా ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా పెను ప్రమాదం. పదకొండు అంటే హెచ్చరికలు పంపే కేంద్రంతోనే సంబంధాలు తెగిపోయాయని. పిల్లలకి ఇది నేర్పడం నా దృష్టిలో రాజుల వంశావళి కన్నా ముఖ్యం.

ఊళ్లో ఎవరిని, ఏమని అడగాలి

మధ్యాహ్నం మూడు తర్వాత వెళ్లండి. "మీ ఊరి చరిత్ర చెప్పండి" అనొద్దు. ఆ మాటకి అందరూ గుడి వైపు చూపిస్తారు, లేదా చదువుకున్నాయన ఇంటికి పంపిస్తారు. చిన్న ప్రశ్న, చేత్తో చూపించగలిగే ప్రశ్న వేయండి. మీ పెళ్లినాటికి సముద్రం ఎక్కడుండేది? తుఫానుకి మీరంతా ఎక్కడ తలదాచుకున్నారు? మంచినీళ్లు ఏ బావివి, అది ఇప్పుడు ఉప్పెక్కిందా? వేటకెళ్లినప్పుడు ఒడ్డు కనపడకపోతే ఏ కొండ గురి పెట్టుకుంటారు? ఈ చివరి ప్రశ్నకి జవాబు తప్పకుండా గీయించుకోండి. జీపీఎస్ రాకముందు పడవలవాళ్లు ఒక కొండనీ ఒక గోపురాన్నో తాటితోపునో వరసలో పెట్టి చూసి ఎక్కడున్నామో తెలుసుకునేవారు. లోతు బారల్లో చెప్తారు, బార అంటే రెండు చేతులూ చాపినంత. ఎన్ని బారల్లో వంజరం చేప, ఎన్ని బారల్లో చందువ, కవళ్లు ఏ నెలలో ఒడ్డుకి దగ్గరగా వస్తాయి, అన్నీ వాళ్ల నోట్లోనే ఉన్నాయి. కుర్రాళ్లకి ఫోనొచ్చేసింది, ఈ లెక్క వాళ్లు నేర్చుకోవడం లేదు. అందుకే తొందరపడమంటున్నాను.

ఆడవాళ్లని వేరుగా అడగండి. చేప ఎండబెట్టి గంప నెత్తిన పెట్టుకుని ఏ ఊరి సంతలకి వెళ్లారో, ఏ దారిన నడిచారో, ధాన్యానికి మార్చుకున్నారా డబ్బుకి అమ్మారా. మగవాళ్లకి సముద్రం తెలుసు. తీరానికీ లోపలి పల్లెలకీ ఉన్న సంబంధం ఆడవాళ్లకే తెలుసు.

"మీ ఇంట్లో ఎవరైనా రంగం వెళ్లారా?" అని తప్పక అడగండి. రంగూన్‌ని మావాళ్లు రంగం అనేవారు. ఈ ప్రశ్నకి కొన్ని ఇళ్లలో పెట్టె తెరుస్తారు, కొన్ని ఇళ్లలో మౌనంగా ఉంటారు. నడిచి తిరిగొచ్చినవాళ్లున్నారు, రానివాళ్లూ ఉన్నారు. బలవంతం చేయకండి. ఇప్పటి వలస సంగతి అయితే వాళ్లే చెప్తారు. శ్రీకాకుళం జిల్లాకి సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది, రాష్ట్రంలో అంత పొడవు ఇంకే జిల్లాకీ లేదనేవారు. అయినా మా కుర్రాళ్లు గుజరాత్‌లో వేరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లిన మనవైపు జాలర్లని పాకిస్తాన్ పట్టుకుంది, 2020 జనవరిలో గానీ వదల్లేదు. మా జిల్లాలోనే మూలపేట దగ్గర కొత్త పోర్టు పనులు 2023లో మొదలయ్యాయి. దాని గురించి అడిగితే రెండు రకాల మాటలూ వింటారు. రెండూ రాసుకోండి, మీరు తీర్పు చెప్పకండి.

పేరు రాయొచ్చా, ఫొటో తీయొచ్చా అని ముందే అడగాలి. వద్దంటే వద్దు.

కాగితాలు వెతికే చోటు

పాత రికార్డుల్లో ఈ ఊరు దొరకలేదని చాలామంది వచ్చి చెప్పారు. వాళ్లంతా విశాఖపట్నం జిల్లా కింద వెతుకుతున్నారు. చికాకోల్ తాలూకా, అంటే మన శ్రీకాకుళం, 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం విడిపోయినప్పుడు ఇటువైపు మిగిలిన తాలూకాలు విశాఖలో కలిశాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయింది. కాబట్టి 1936కి ముందు కాగితాలకి గంజాం, ఆ తర్వాత పద్నాలుగేళ్లకి విశాఖపట్నం, ఆపైన శ్రీకాకుళం అని వెతకాలి. ఊరి పేరు కూడా ఇంగ్లీషువాళ్లు కలింగపటం అని రాసేవారు, ఆ స్పెల్లింగుతో చూడండి. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది కనుక కోనాడ, చింతపల్లి వైపువాళ్లకి ఇంకో మెట్టు ఎక్కువ.

ఆ ఊళ్లకీ ఇదే పద్ధతి పనికొస్తుంది. కోనాడ దగ్గర చంపావతి, బారువ దగ్గర మహేంద్రతనయ సముద్రంలో కలుస్తాయి. ఎక్కడైనా ముందు ఏరు, మొగ, ఆపైనే ఊరు.

తిరిగి వెళ్లేటప్పుడు వెలుగుంటే శ్రీకూర్మం దగ్గర ఆగండి, అదీ గార మండలమే. కూర్మనాథుడు పడమర ముఖంగా ఉంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు. మీరు చూడాల్సింది స్తంభాల మీది శాసనాలు. అఖండ దీపానికి ఎవరు ఏమిచ్చారో ఎన్నో శతాబ్దాలుగా చెక్కుతూ పోయారు. చదవలేకపోయినా తెలుగు అక్షరం ఎలా మారుతూ వచ్చిందో వరసగా చూడొచ్చు.

జనవరి నుంచి ఏప్రిల్ మధ్య రాత్రి ఒడ్డున ఉంటే టార్చి వేయకండి. ఆలివ్ రిడ్లే సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం, వెలుతురు పడితే తల్లి వెనక్కి పోతుంది.

రాసుకున్నదంతా వారంలోగా సాఫుగా తిరగరాయండి. ప్రతి పేజీ మీద తేదీ, చోటు, చెప్పినవాళ్ల వయసు వేయండి. గీసిన మొగ పటం మీద ఉత్తరం బాణం మర్చిపోవద్దు. ఒక జెరాక్స్ కాపీ ఊరి హైస్కూల్లో సోషల్ చెప్పేవాళ్లకి, ఒకటి మీకు కథ చెప్పిన ఇంటికి ఇచ్చి రండి. ఆ ఇంట్లో చదివి వినిపించమంటారు. కూర్చుని వినిపించండి, మీరు రాసినదాంట్లో వాళ్లు దిద్దేవి ఉంటాయి.